వంటగట్టుకు పవర్ ట్రాక్ వేయించవచ్చా? వాడినవారు చెప్పండి

తూర్పు గోడ, మంగళగిరి

అందరికీ నమస్కారం. మంగళగిరిలో ఇల్లు కట్టుకుంటున్నాము. గోడలు లేచాయి, స్లాబు పడింది. ప్లాస్టరింగ్‌కు ముందే గోడల్లో గాడులు కొట్టి పైపులు వేయాలి. సాకెట్లు ఎక్కడెక్కడ కావాలో సుద్దముక్కతో గుర్తులు పెట్టి ఉంచమని ఎలక్ట్రీషియన్ వారం రోజులు గడువు ఇచ్చారు. మిగిలిన గదులన్నింటికీ ఒక్క సాయంత్రంలో గుర్తులు పెట్టేశాము. వంటగది దగ్గరే ఆగిపోయాము.

వంటగది ఆగ్నేయంలో ఉంది. తూర్పు గోడ వెంట పది అడుగులు, దక్షిణం గోడ వెంట ఆరు అడుగులు గట్టు వస్తుంది. పొయ్యి చోటును వాస్తు ఖాయం చేసింది, సింకు చోటును నీళ్ల పైపు ఖాయం చేసింది. మిగతా ఏ వస్తువుకూ ఒక చోటు కుదరడం లేదు. మా అత్తగారు గ్రైండర్ కిటికీ పక్కనే ఉండాలంటారు, పిండి ఎంత నలిగిందో వెలుతురులో కనబడాలని. అదే చోటు కూరలు తరగడానికి ఖాళీగా ఉండాలని నా భార్య కోరిక. ఇద్దరిదీ న్యాయమే. పండగ రోజుల్లో అయితే గట్టు మీద వస్తువులన్నీ స్థానాలు మారిపోతాయి.

ఇప్పుడున్న అద్దె ఇంట్లో ఉన్న ఒక్క సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ పెట్టె తగిలించి మిక్సీ, రైస్ కుక్కర్, కెటిల్ అన్నీ దానికే పెడుతున్నాము. దాని తీగ గట్టు మీద తడిలో పడి ఉంటుంది. చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. కొత్త ఇంటి వంటగదిలోకి ఆ పెట్టె రాకూడదన్నది నా పట్టుదల.

ఈ మధ్య హైదరాబాద్‌లో మిత్రుడి ఫ్లాట్‌లో పవర్ ట్రాక్ చూశాను. గోడకు పొడవాటి అల్యూమినియం పట్టీ, దాని మధ్య సన్నని గాడి. అడాప్టర్‌ను గాడిలో కావలసిన చోట పెట్టి పావు చుట్టు తిప్పితే అక్కడ సాకెట్ సిద్ధం. వెనక్కి తిప్పి తీసి మరోచోట పెట్టుకోవచ్చు. మా ఇంటి సమస్యకు సరిగ్గా సరిపోతుందనిపించింది. పది అడుగుల పొడవునా వేయించవచ్చా? దాని మీద ఎన్ని వస్తువులు నడుస్తాయి? తడి, పొగ ఉండే వంటగదికి అది తగినదేనా?


అద్దె ఇల్లు, కూకట్‌పల్లి

తప్పకుండా వేయించండి. నేను రెండేళ్లుగా పనిచేసుకునే బల్ల వెనుక ఒక మీటరు ట్రాక్ వాడుతున్నాను. ల్యాప్‌టాప్, రెండు మానిటర్లు, రౌటర్, బల్ల దీపం, ఫోను ఛార్జర్ అన్నీ దాని మీదే. ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. గోడ లోపల పొదిగేది కాకుండా పైన బిగించేది తీసుకున్నాను కాబట్టి ఇల్లు మారినప్పుడు నాలుగు మరలు విప్పి వెంట తీసుకుపోయాను. బల్ల కింద తీగల చిక్కు పోయింది. వంటగదిలో కూడా ఇదే సుఖం ఉంటుందని నా నమ్మకం.


రాగి తీగ, విశాఖపట్నం

నేను విశ్రాంత విద్యుత్ ఇంజనీరును. ఈ ట్రాక్ ఇళ్లకు కొత్త కావచ్చు గానీ కర్మాగారాల్లో పనిచేసినవారికి పాత చుట్టమే. షెడ్డు పైకప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బస్‌బార్ ట్రంకింగ్ (లోపల కరెంటు మోసే లోహపు పట్టీలున్న పొడవాటి గొట్టం) వెళ్తుంది. యంత్రాన్ని ఎక్కడ దించితే అక్కడ ట్యాప్ ఆఫ్ పెట్టె తగిలించి కరెంటు తీసుకుంటాము. యంత్రం జరిగితే పెట్టె కూడా జరుగుతుంది. ఆ ఏర్పాటునే చిన్నదిగా చేసి ఇంటి గోడ మీదికి తెచ్చారు. దీనికి ఐఈసీ 61534 అనే ప్రత్యేక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పైకప్పుకు బిగించే దీపాల ట్రాక్‌కు వర్తించేది ఐఈసీ 60570. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, పని వేరు. కొనేటప్పుడు ఏ సంఖ్య ముద్రించారో అడిగి చూడండి.

లోపల ప్లాస్టిక్ తొడుగులో రాగి పట్టీలు ఉంటాయి. అవి గాడికి ఎదురుగా కాకుండా పక్క గోడల్లో ఒదిగి ఉంటాయి. అడాప్టర్ కాలును గాడిలో దించి తిప్పినప్పుడు దాని రెక్కలు అటూ ఇటూ తెరుచుకుని రాగిని పట్టుకుంటాయి. అందుకే గాడిలో వేలు తిన్నగా పెట్టినా రాగికి తగలదు. ఆ రూపకల్పనను నేను మెచ్చుకుంటాను.

అయితే తూర్పు గోడ గారు అడిగిన ప్రశ్నల్లో అసలైనది రెండోది, ఎన్ని వస్తువులు నడుస్తాయన్నది. పది అడుగుల ట్రాక్ మీద పది అడాప్టర్లు పడతాయి. కానీ ఆ పదింటికీ కరెంటు తెచ్చేది ఒక్క తీగే. ట్రాక్ సాకెట్ చోటును మారుస్తుంది, కరెంటును పెంచదు. ట్రాక్ 16 ఆంపియర్లది అనుకుందాం. 230 వోల్టుల దగ్గర అది 3680 వాట్లు. మీ ఇండక్షన్ పొయ్యి 2000, కెటిల్ 1500, మిక్సీ 750. మూడూ ఒకేసారి నడిస్తే 4250 వాట్లు, అంటే పద్దెనిమిదిన్నర ఆంపియర్లు. ఉదయం ఏడున్నరకు పిల్లల బడి, పెద్దల ఆఫీసు హడావుడి ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మూడూ ఒకేసారి నడుస్తాయి.

ఎక్కువైతే ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే తనంతట తానే లైను తెంచే స్విచ్చు) పడిపోతుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ ధీమా తగ్గుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ దాని రేటింగుకు 1.13 రెట్ల వరకు, అంటే సుమారు 18 ఆంపియర్ల దాకా, గంటసేపు పడకుండా నిలబడాలి. 1.45 రెట్లు, అంటే సుమారు 23 ఆంపియర్లు దాటితేనే గంటలోపు తప్పనిసరిగా పడాలి. ఈ రెండింటి మధ్య ఎప్పుడు పడుతుందో చెప్పలేము. మీ పద్దెనిమిదిన్నర సరిగ్గా ఆ మధ్యలో ఉంది. మామూలు బోర్డుల్లో ఈ బరువు రెండు మూడు తీగల మీద పంచబడుతుంది. ట్రాక్ మీద అంతా ఒక్కచోటికి చేరుతుంది.


తూర్పు గోడ, మంగళగిరి

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు. మరి 32 ఆంపియర్ల ట్రాక్ కూడా దొరుకుతోందని దుకాణంలో చెప్పారు. అది తీసుకుని మందమైన తీగ వేయిస్తే 7360 వాట్లు వస్తాయి కదా? అప్పుడు లెక్క తేలికవుతుంది కదా?


నాలుగో అంతస్తు, సింగపూర్

మా ఇంట్లో ఉన్నది అదే, కాబట్టి నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఇక్కడ మేము వాడేది బ్రిటిష్ పద్ధతి చదరపు పిన్నుల ప్లగ్గు. ప్రతి ప్లగ్గు లోపల ఫ్యూజు ఉంటుంది, గరిష్ఠంగా 13 ఆంపియర్లది. చిన్న వస్తువులకు 3 ఆంపియర్ల ఫ్యూజు వేస్తారు. వెనుక 32 ఆంపియర్ల రక్షణ ఉన్నా, దీపం తీగలో తప్పు జరిగితే దాని ప్లగ్గులోని ఫ్యూజే ముందు కాలిపోతుంది. మన ఊళ్లో గుండ్రటి పిన్నుల ప్లగ్గులో ఫ్యూజు లేదు. సెలవుల్లో తెనాలి వచ్చినప్పుడు మా తమ్ముడి ఇంటికి ఇలాంటి ట్రాకే వేయిద్దామని ఉత్సాహపడి, ఈ తేడా గుర్తుకొచ్చి ఆగిపోయాను.

ఇక్కడ ఇంట్లో వైరింగ్ పనిని లైసెన్సు ఉన్న పనివారే చేయాలి. మా ట్రాక్ బిగించిన ఆయన పని ముగించాక ప్రతి అడాప్టర్‌నూ ట్రాక్ మొదట, మధ్య, చివర మూడు చోట్లా పెట్టి ఎర్త్ అందుతున్నదో లేదో మీటరుతో కొలిచి చూపించారు. మీరూ ఆ పరీక్ష చేయించుకోండి.


రాగి తీగ, విశాఖపట్నం

సింగపూర్ వారు పట్టుకున్నది చాలా ముఖ్యమైన విషయం. మన ఐఎస్ 1293 ప్రమాణంలో ఇళ్లకు 6 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అని రెండు రకాల ప్లగ్గులు ఉన్నాయి. ఫోను ఛార్జరు, మిక్సీ చిన్న ప్లగ్గుతో వస్తాయి. వాటి తీగ సన్ననిది. ఆ తీగ నలిగి లోపల రాగి పోగులు ఒకదానికొకటి తగిలితే వెనుక ఉన్న ఎంసీబీ ఎంత చిన్నదైతే అంత మంచిది. 32 ఆంపియర్ల ఎంసీబీ ఆ సన్నని తీగను కాపాడే స్థితిలో ఉండదు. నేరుగా షార్ట్ అయితే పడుతుంది. కానీ 20 ఆంపియర్లు నెమ్మదిగా లాగే లోపం వస్తే కదలదు, తీగ మాత్రం కాలిపోతుంది.

కాబట్టి మన దేశపు ఇంటికి నా సలహా: ట్రాక్ పేరు మీద ఎంత రాసి ఉన్నా వెనుక 16 ఆంపియర్ల ఎంసీబీ మించవద్దు. పెద్ద ట్రాక్ తీసుకుంటే నష్టం లేదు, రాగి మందంగా ఉంటుంది, చల్లగా నడుస్తుంది. దాని రేటింగు చూసి పెద్ద ఎంసీబీ వేయించవద్దు. 16 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది గానీ, ప్లాస్టరింగ్ అయ్యాక మళ్లీ గోడ తవ్వలేరు కాబట్టి ఇప్పుడే 4 వేయించండి.


పోపుల పెట్టె, తెనాలి

ముప్పై ఏళ్లుగా వంట చేస్తున్న దాన్ని. ఆంపియర్ల సంగతి పెద్దలు చెప్పారు. నేను గట్టు ముందు నిలబడి చూసేదాన్నే చెబుతాను.

మొదటిది స్విచ్చు. మిక్సీ తిప్పేటప్పుడు జారులో చెంచా పడిందనుకోండి, మన చేయి గోడ మీది స్విచ్చు దగ్గరికే పోతుంది. గ్రైండర్ కడిగే ముందు స్విచ్చు ఆపుతాము, ప్లగ్గు తీయము. చేయి తడిగా ఉన్నప్పుడు మోచేత్తో స్విచ్చు నొక్కే అలవాటు కూడా చాలామందికి ఉంది. మా మేనకోడలి ఇంట్లో నేను చూసిన ట్రాక్ అడాప్టర్లకు స్విచ్చు లేదు. ఇండక్షన్ పొయ్యి ఆపాలంటే ప్లగ్గు లాగాలి, లేదా అడాప్టర్ తిప్పాలి. అది మన వంటింటి పద్ధతి కాదు. స్విచ్చు ఉన్న అడాప్టర్లు దొరికితేనే కొనండి.

రెండోది జిడ్డు. రోజూ నాలుగు పోపులు పెట్టే ఇంట్లో, చిమ్నీ ఉన్నా, టైల్స్ మీద నూనె పొర పేరుకుంటుంది. టైల్స్‌ను సబ్బునీళ్లతో తుడుస్తాము. పొడవాటి గాడిని దేనితో తుడవాలి? తడి గుడ్డ పెట్టకూడదు. వారానికోసారి కరెంటు ఆపి పొడి బ్రష్షుతో తుడిచే ఓపిక ఉంటేనే వంటగదిలో ఆ గాడి పెట్టుకోవాలి. ఇంకా చీమలు, బొద్దింకలు. మామూలు సాకెట్ రంధ్రాల్లోనే చీమలు పుట్ట పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. వెచ్చగా, చీకటిగా, పక్కనే చక్కెర డబ్బా ఉన్న పది అడుగుల దారి వాటికి ఎంత ఇష్టంగా ఉంటుందో ఆలోచించండి.

మూడోది మీ అత్తగారు. ఆవిడ చేతికి ఆ అడాప్టర్ ఇచ్చి తిప్పి చూడమనండి. కొన్నింటికి గట్టిగా నొక్కి తిప్పాలి. కీళ్ల నొప్పులు ఉన్నవారి వేళ్లకు కష్టం. ఆవిడ కోసమే పెడుతున్నప్పుడు దుకాణానికి ఆవిడను తీసుకెళ్లడమే న్యాయం.


రాగి తీగ, విశాఖపట్నం

అమ్మా, స్విచ్చు గురించి మీరు చెప్పినది నియమాల్లోనూ ఉంది. ఇళ్ల వైరింగ్‌కు దారి చూపే ఐఎస్ 732 ప్రతి సాకెట్‌కూ పక్కనే స్విచ్చు ఉండాలంటుంది. అనుభవంతో పుట్టిన నియమం అది.


పాతికేళ్ల వైరింగ్, నిజామాబాద్

నేను పని చేసేవాడిని కాబట్టి బాగుచేయడానికి వెళ్లిన చోట చూసినది చెబుతాను. ఒక ఇంట్లో ట్రాక్ పెట్టిన ఏడాదికి వంటగదిలో కాలిన వాసన వస్తోందని పిలిచారు. అడాప్టర్ బయటి నుంచి శుభ్రంగా ఉంది. తిప్పి తీస్తే దాని కాలుకున్న రెక్కలు నల్లబడి ఉన్నాయి, ట్రాక్ లోపల రాగి కూడా అంతే చోట మచ్చపడింది. పెట్టె మీద తయారీదారు పేరు గానీ, ప్రమాణం సంఖ్య గానీ లేని సరుకది, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చిందని తీసుకున్నారు. అయితే సరుకు ఒక్కటే కారణం కాదు. ఆ ఇంట్లో అడాప్టర్‌ను పూర్తిగా తిప్పకుండా సగంలో వదిలేసేవారు. రెక్క రాగిని అంచుతో మాత్రమే తాకుతూ ఉంది. దాని మీద రోజూ రెండు గంటలు ఇండక్షన్ పొయ్యి.

ఇంకో తప్పు కూడా చూశాను. పొయ్యి నడుస్తుండగానే అడాప్టర్ తిప్పి తీయడం. లోపల నిప్పురవ్వ పుడుతుంది, రాగి మీద గుంట పడుతుంది. తర్వాత అక్కడ ఏ అడాప్టర్ పెట్టినా సరిగా ఆనదు. ముందు వస్తువును ఆపాలి, ఆ తర్వాతే అడాప్టర్‌ను కదిలించాలి. ఇంట్లో అందరికీ ఇది నేర్పాలి, పనిమనిషికి కూడా.

ఇన్వర్టర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను వేరు, పెద్ద వస్తువుల లైను వేరు. ఏ సాకెట్ ఇన్వర్టర్‌దో ఇంట్లో వాళ్లకు అలవాటుగా తెలుసు. ట్రాక్ మీద ఆ తేడా కనిపించదు, ఎక్కడ పెట్టినా ఒకటే లైను. ఒక ఇంటాయన వంటగది ట్రాక్‌ను ఇన్వర్టర్ మీద పెట్టించుకున్నారు. కరెంటు పోయిన రాత్రి ఎవరో కెటిల్ పెట్టారు, ఇల్లంతా చీకటి. వంటగది ట్రాక్ ఇన్వర్టర్ మీద వద్దు. పని బల్ల దగ్గరి ట్రాక్ అయితే ఇన్వర్టర్ మీద పెట్టుకోవచ్చు, అక్కడ బరువు తక్కువ. ఒకటి మాత్రం చూడాలి, ఇన్వర్టర్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ), మామూలు న్యూట్రల్ ఎక్కడా కలవకూడదు. కలిస్తే ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచి షాకు నుంచి కాపాడే స్విచ్చు) ఊరికే పడుతూ ఉంటుంది. చివరికి విసిగిపోయి దాన్ని తీసేయించిన ఇళ్లు ఉన్నాయి. అంతకంటే ప్రమాదం లేదు.


అద్దె ఇల్లు, కూకట్‌పల్లి

మేస్త్రి గారూ, మీరు చెప్పిన ప్రమాదాలన్నీ ఎక్స్‌టెన్షన్ పెట్టెకూ ఉన్నాయి కదా? అది వదులవుతుంది, కాలుతుంది, తీగ తడుస్తుంది. అయినా అందరి ఇళ్లలోనూ ఉంది. దాంతో పోలిస్తే ట్రాక్ వెయ్యి రెట్లు మేలు కాదా? రెండేళ్ల నా అనుభవంలో అడాప్టర్ వేడెక్కడం కూడా చూడలేదు.


పాతికేళ్ల వైరింగ్, నిజామాబాద్

బాబూ, పెట్టె కంటే ట్రాక్ మేలు, సందేహం లేదు. కానీ కొత్త ఇల్లు కట్టేవారు పోల్చుకోవలసింది పెట్టెతో కాదు, గోడలో పొదిగిన మంచి బోర్డుతో. ఈయన గోడ ఇంకా ప్లాస్టరింగ్ కూడా కాలేదు. కావలసినన్ని పైపులు వేసుకునే అదృష్టం ఈ వారమే ఉంది. మీది అద్దె ఇల్లు, గోడ ముట్టుకోలేరు, కాబట్టి మీకు ట్రాక్ సరైన నిర్ణయం.


రాగి తీగ, విశాఖపట్నం

కూకట్‌పల్లి వారికి వేడి ఎందుకు కనిపించలేదో లెక్క చెబుతాను. కూడలి దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి, అంటే కరెంటును కరెంటుతోనే గుణించిన విలువను బట్టి, పెరుగుతుంది. అడాప్టర్ రెక్క, రాగి కలిసే చోట నిరోధం 50 మిల్లీ ఓములు ఉందనుకోండి, కొంచెం వదులైన కూడలి అన్నమాట. మీ ల్యాప్‌టాప్, మానిటర్లు అన్నీ కలిసి ఒక ఆంపియరు తీసుకుంటే అక్కడ పుట్టే వేడి వాటులో ఇరవయ్యో వంతు. చేయి పెట్టినా తెలియదు. అదే కూడలి మీద 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే సుమారు 8.7 ఆంపియర్లు, వేడి దాదాపు 3.8 వాట్లు. గోరంత చోటులో, గాలి ఆడని ప్లాస్టిక్ తొడుగు లోపల, రోజూ. వేడికి స్ప్రింగ్ పట్టు ఇంకా సడలుతుంది, పట్టు సడలితే నిరోధం పెరుగుతుంది, మళ్లీ వేడి పెరుగుతుంది. మీ అనుభవం నిజమే, అది బల్ల అనుభవం. వంటగదికి దాన్ని వర్తింపజేయలేము.


అద్దె ఇల్లు, కూకట్‌పల్లి

అర్థమైంది సార్. మొదటి పోస్టులో వంటగది గురించి నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. తూర్పు గోడ గారు దాన్ని పట్టించుకోవద్దు.


గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

వంటగది చర్చ మధ్యలో వేరే సంగతి చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మ పద్నాలుగు నెలలు మంచంలో ఉంది. ఆ గదిలో సాకెట్ ఒక మూలన, నేల నుంచి అడుగు ఎత్తులో ఉండేది. పుండ్లు పడకుండా గాలి పరుపు, దాని పంపు, నెబ్యులైజర్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, మంచం పక్క దీపం. ఎండను బట్టి, గాలిని బట్టి మంచం చోటు మార్చేవాళ్లము. ఎండాకాలం ఉత్తరపు కిటికీ వైపు, చలికాలం లోపలి గోడకు. మార్చిన ప్రతిసారీ తీగలు నడిచే దారిలో అడ్డం పడేవి. ఒక రాత్రి నేను తీగ తగిలి పడ్డాను, పంపు ప్లగ్గు ఊడిపోయింది. తెల్లవారేదాకా ఎవరూ గమనించలేదు.

ఆ తర్వాత నడుము ఎత్తులో గోడ పొడవునా ఎనిమిది అడుగుల ట్రాక్ వేయించాను. మంచం ఎక్కడికి జరిగితే సాకెట్లు అక్కడికి వచ్చేవి. వంగవలసిన పని లేదు, నేల మీద తీగ లేదు. రాత్రి పూట చూసుకోవడానికి వచ్చే అమ్మాయి కూడా ఒక్కరోజులో నేర్చుకుంది. ఆ గదికి అంత మేలు చేసిన వస్తువు మరొకటి లేదు. అమ్మ పోయాక ఇప్పుడు అది మా అబ్బాయి చదువుకునే గది. అదే ట్రాక్ మీద వాడి బల్ల దీపం వెలుగుతోంది.


రాగి తీగ, విశాఖపట్నం

మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇలాంటి గదికి ట్రాక్ నిజంగా తగినది, వస్తువులన్నీ తక్కువ వాట్లవి. ఇంట్లో పెద్దవారు ఉన్నవారి కోసం ఒక్క మాట చేర్చుతాను. ఆక్సిజన్ యంత్రం మాత్రం ట్రాక్ మీద పెట్టవద్దు. అది మూడు నాలుగు వందల వాట్లే తీసుకుంటుంది, బరువు సమస్య కాదు. కానీ అదే ట్రాక్ మీద ఎవరైనా నీళ్లు కాచుకునే కెటిల్ పెట్టి ఎంసీబీ పడితే ఆక్సిజన్ కూడా ఆగిపోతుంది. దానికి వేరే ఎంసీబీతో, ఇన్వర్టర్ లైనులో, గోడలో స్థిరమైన సాకెట్ ఉండాలి.


సూదీదారం, హనుమకొండ

ఇంట్లోనే కుట్టుపని చేసేవారికి కూడా పనికొస్తుంది. నా గుడ్డ కత్తిరించే బల్ల గది మధ్యలో ఉంటుంది. కుట్టు మిషన్లు రెండు, ఓవర్‌లాక్ ఒకటి. పైన పైకప్పు నుంచి దించిన ట్రాక్ వేయించుకున్నాను. తీగలు పైనుంచి దిగుతాయి, గుడ్డకు చుట్టుకోవు. పెళ్లిళ్ల కాలంలో మిషన్లు జరుపుకుంటాను, మిగతా రోజుల్లో బల్లకు చోటు ఇస్తాను. ఇస్త్రీపెట్టె మాత్రం గోడ సాకెట్‌కే. అది నాకు మొదట్లోనే ఎలక్ట్రీషియన్ చెప్పారు, ఎందుకో ఇప్పుడు మీ అందరి మాటలతో తెలిసింది.

ఒక కష్టం చెప్పాలి. ఒక కంపెనీ అడాప్టర్ ఇంకో కంపెనీ ట్రాక్‌లో పట్టదు. నాది విరిగినప్పుడు అదే రకం వరంగల్‌లో, హైదరాబాద్‌లో ఎక్కడా దొరకలేదు, ఆ నమూనా ఆపేశారట. ట్రాక్ కొన్నప్పుడే రెండు అడాప్టర్లు అదనంగా తీసుకుని ఉంటే బాగుండేది. ధర కూడా తక్కువేమీ కాదు. ఒక అడాప్టర్ ఖర్చుతో మూడు స్విచ్చులూ మూడు సాకెట్లూ ఉన్న మామూలు బోర్డు వచ్చేస్తుంది.


తూర్పు గోడ, మంగళగిరి

నిన్న సాయంత్రం నేను, నా భార్య, అత్తగారు సుద్దముక్క పట్టుకుని గట్టు రాబోయే చోట నిలబడి గంటసేపు మీ పోస్టులన్నీ చదువుకున్నాము. ఇలా అనుకున్నాము, తప్పులుంటే దిద్దండి.

ఇండక్షన్ పొయ్యికి, మైక్రోవేవ్‌కు, ఫ్రిజ్‌కు, చిమ్నీకి, నీళ్ల ఫిల్టరుకు చోట్లు ఖాయం చేసుకుని గోడలోనే సాకెట్లు, స్విచ్చులు. ఇండక్షన్‌కూ మైక్రోవేవ్‌కూ వేర్వేరు తీగలు, వేర్వేరు ఎంసీబీలు. కెటిల్‌కు దక్షిణం గోడ మీద విడిగా ఒక సాకెట్. ట్రాక్ పది అడుగులు కాదు, కిటికీ కింద నాలుగు అడుగులే. దాని మీద గ్రైండర్, మిక్సీ, రైస్ కుక్కర్, ఎప్పుడైనా వాడే చిన్న వస్తువులు. స్విచ్చు ఉన్న అడాప్టర్లు మూడు. కిటికీ దగ్గర గ్రైండరా, కూరగాయలా అన్న తగవు దీంతో తీరింది, ఉదయం ఒకరిది, సాయంత్రం ఒకరిది.


రాగి తీగ, విశాఖపట్నం

చక్కగా ఆలోచించారు. గ్రైండర్ 150, మిక్సీ 750, కుక్కర్ 700 వాట్లు అనుకున్నా మొత్తం 1600, ఏడు ఆంపియర్లు. అందుకని ఆ ట్రాక్‌కు 10 ఆంపియర్ల ఎంసీబీ చాలు. సింగపూర్ వారు చెప్పిన సన్నని తీగల చిక్కు కూడా సగం తగ్గుతుంది.

కిటికీ కింద అంటున్నారు, అక్కడ వాన జల్లు లోపలికి కొడుతుందా? కొడితే కిటికీ పక్క గోడకు మార్చండి. గాడి బయటికి చూడాలి, ఆకాశం వైపు చూడకూడదు, అంటే గట్టు మీద పరిచి బిగించే పద్ధతి వద్దు. సింకుకు కనీసం రెండు అడుగుల దూరం, పొయ్యి వెనుకకు అసలు రానివ్వకండి. అల్యూమినియం ఒంటికి ఎర్త్ తప్పనిసరి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ రక్షణలో ఉండాలి. నెలకోసారి దాని పరీక్ష మీట నొక్కి చూడండి.


పాతికేళ్ల వైరింగ్, నిజామాబాద్

నాలుగు అడుగులు ఒకే ముక్కగా తీసుకోండి. రెండు ముక్కలు కలిపితే కలిసిన చోట ఇంకో కూడలి. ట్రాక్ వెనుక గోడలో లోతైన జంక్షన్ పెట్టె పెట్టించండి. రేపు ఈ సరుకు దొరకకుండా పోతే ట్రాక్ తీసేసి అదే పెట్టెలో మామూలు బోర్డు బిగించుకోవచ్చు. ఇప్పుడు ఆ పెట్టెకు అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.


పోపుల పెట్టె, తెనాలి

అత్తగారు తిప్పి చూశారా?


తూర్పు గోడ, మంగళగిరి

తీసుకెళ్లానమ్మా. దుకాణంలో మూడు రకాలు తిప్పి చూశారు. మొదటి రెండూ బిగుసుగా ఉన్నాయన్నారు. మూడోది తిరిగింది, చిన్న టక్ మన్న శబ్దంతో ఆగింది. ఆ శబ్దం వినబడితే పూర్తిగా తిరిగినట్లేనని దుకాణదారు చెప్పగానే, అది చాలు, నాకు చూపు కంటే వినికిడి నయం అన్నారు. అదే కొన్నాము. అడాప్టర్లు ఐదు, రెండు అదనం.


తూర్పు గోడ, మంగళగిరి

ఐదు నెలల తర్వాత రాస్తున్నాను. మొన్న గృహప్రవేశం అయింది. పాలు పొంగించిన మర్నాడే గారెలకు పప్పు రుబ్బడానికి గ్రైండర్ కిటికీ పక్కకు చేరింది. వాన జల్లు భయంతో ట్రాక్‌ను కిటికీకి ఎడమ గోడ మీద, గట్టుకు పద్నాలుగు అంగుళాల ఎత్తున బిగించాము. ఎలక్ట్రీషియన్ చేత మూడు చోట్లా ఎర్త్ కొలిపించాను, అన్నిచోట్లా అందింది. ఎక్స్‌టెన్షన్ పెట్టె కొత్త ఇంటికి రాలేదు. బంధువులు ఇరవై మంది ఉన్న రోజున కూడా ట్రాక్ ఎంసీబీ పడలేదు.


పాతికేళ్ల వైరింగ్, నిజామాబాద్

సంతోషం. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు మెయిన్ ఆపి గ్రైండర్ అడాప్టర్ ఒక్కటి తీసి దాని కాలుకున్న రెక్కలు చూడండి. రాగి రంగులోనే ఉందా, నల్లబడటం మొదలైందా ఇక్కడ రాయండి. ఫొటో పెడితే ఇంకా మంచిది.


తూర్పు గోడ, మంగళగిరి

తప్పకుండా పెడతాను. క్యాలెండరులో దసరా సెలవుల మీద రాసి ఉంచాను.